పోశం కాక కట్ట కింద ఊట

చెరువుల శాఖలో నేను ఇంజినీరుగా ఉన్నన్నాళ్లూ మా ఇంట్లోవాళ్లకు ఒక అనుమానం తీరలేదు. ఇంతకీ ఈ పిల్ల ఏం పని చేస్తుంది? మా నాన్న బెల్లంపల్లిలో బాయి పనికి పోయేవాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఆయన పని అందరికీ అర్థమయ్యేది. తెల్లగా పోయేవాడు, నల్లగా వచ్చేవాడు. నేను మాత్రం చీర కుచ్చిళ్లకు ఎర్రమట్టి అంటించుకుని వచ్చి, "ఏం లేదమ్మా, కట్ట మంచిగనే ఉన్నది" అనేదాన్ని. "మంచిగున్నదాన్ని చూసెటందుకు జీపెందుకే?" అనేది మా అమ్మ. ఏమీ జరగకపోవడమే నా పని అని ఆమెకు చివరిదాకా నచ్చజెప్పలేకపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. మొన్నీమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చి, ఇన్నేళ్లలో మీరు నేర్చుకున్నదేంటి మేడమ్ అని అడిగింది. టీ చల్లారేదాకా ఆలోచించాను. పెద్ద చెరువులు, పెద్ద వరదలు, పెద్ద ఆఫీసర్లు ఏవీ గుర్తుకు రాలేదు. ఒక చిన్న కట్ట గుర్తుకొచ్చింది. అది సర్కారుది కాదు, నా పరిధిలోదీ కాదు. ఎవరో సరదాకు కట్టుకున్నది. దాని దగ్గర నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను. కొత్తవాళ్లకు నా విజయాలకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

చెప్పులు విప్పి

ముందు మా పై అధికారి డీఈ గారి గురించి చెప్పాలి. గోదావరి జిల్లా మనిషి, ముక్కోపి, లెక్కలో ఘటికుడు. నన్ను మొదటిసారి చెరువుకు తీసుకెళ్లినప్పుడు నేను కట్ట మీద నిలబడి నీళ్లను చూస్తూ ఉండిపోయాను. ఆయన కిందనుంచి కేకేశారు.

"ఏమ్మా, ఫొటో దిగడానికొచ్చామా? ఇటు దిగు. నీళ్లవైపు ఏముంటుంది, నీళ్లే ఉంటాయి. కట్ట జబ్బంతా వెనకవైపు కనబడుతుంది."

దిగాను. చెప్పులు కూడా తీసెయ్యమన్నారు. చెమ్మ సంగతి కళ్లకన్నా ముందు కాళ్లకు తెలుస్తుందట. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ కట్టకు వెళ్లినా దాని వెనక అడుగున ఈ చివరినుంచి ఆ చివరిదాకా వట్టి కాళ్లతో నడిచాను. ముళ్లు చాలా గుచ్చుకున్నాయి. అయినా ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

అదే మనిషి ఇంకో మాట కూడా నేర్పారు. "మన రిజిస్టర్లో లేని చెరువు మనకు లేదు." పై అధికారి దగ్గర ఒక చేత్తో తీసుకోవాల్సినవి ఉంటాయి, ఇంకో చేత్తో పక్కన పెట్టాల్సినవి ఉంటాయి. ఏది ఏదో తెలుసుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది.

ఎండ పడే నీళ్లు

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు, వానలు వెనక్కి పోతున్న రోజుల్లో ఒక ఆదివారం మా తమ్ముడు నన్నూ పిల్లలనూ రామగిరి వైపు తీసుకెళ్లాడు. వాడు గోదావరిఖనిలో బాయి పనిలోనే ఉన్నాడు. వాడి షిఫ్టులో పనిచేసి ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్న పోశం అనే పెద్దమనిషి తన మెట్ట చెలకలో ఒర్రెకు అడ్డంగా మట్టికట్ట పోసి చిన్న చెరువు కట్టాడట. ఒర్రె అంటే వానాకాలం మాత్రమే పారే సన్నటి వాగు. అక్కడ ఒక పడవ, నాలుగు గాలాలు, ఒడ్డున వేయించిన చేపలు. ఆదివారం వస్తే పాత దోస్తులంతా పిల్లాపాపలతో అక్కడే.

పోశం పొట్టి మనిషి. చేతులు వెనక కట్టుకుని నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. నేను కాకా అని పలకరించి, ఇంత చెరువు ఎందుకు కట్టారని అడిగాను.

"ముప్పై ఏండ్లు బాయిల నీళ్లను చూస్తె భయమయ్యేది బిడ్డా. మోటరు బందయితె చాలు, నడుముదాంక వచ్చేటియి. నీళ్లంటె నల్లగ, సల్లగ, గంతే ఎరుక. గిప్పుడు చూడు, ఎండ పడితె ఎట్ల మెరుస్తున్నయో. గిది చూడాల్నని కట్టిన."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. మా నాన్న కూడా ఇలా ఏదో ఒకటి చూడాలనుకుని ఉంటాడు, మేం ఎప్పుడూ అడగలేదు.

అయినా అలవాటు పోదు కదా. అందరూ చేపల దగ్గర ఉండగా నేను చెప్పులు విప్పి కట్ట వెనకకు దిగాను. "అక్కా, అయితారం గూడ డ్యూటీయేనా?" అని తమ్ముడు నవ్వాడు. కట్ట పైన చూస్తే బ్రహ్మాండంగా ఉంది, గడ్డి నాటారు, నీళ్లవైపు రాయి పరిచారు. వెనక నడుస్తూ ఉంటే మధ్యలో, తూము గొట్టం బయటకు వచ్చే చోట, గడ్డి పక్కవాటికన్నా పచ్చగా ఉంది. కాలు పెడితే మెత్తగా దిగింది. గొట్టం పక్కనుంచి వేలు లావున నీళ్లు ఊరుతున్నాయి.

అక్కడినుంచి తలెత్తి చూస్తే ఒర్రె దారిలోనే నాలుగిళ్లు. మొదటి ఇల్లు పోశం అక్క ఎల్లవ్వది. ఇద్దరు కోడళ్లు, ముగ్గురు పిల్లలు అందులోనే ఉంటారు. కట్ట తెగితే ఆ ఇంట్లోవాళ్లు గడప దాటేలోపే నీళ్లు మీద పడతాయి.

కాకను పిలిచి ఊట చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆఁ, గది మంచిదే బిడ్డా! తేటగ వస్తున్నయి చూడు. ఇసుక బిర్రుగ కూసున్నదన్నట్టు."

ఇసుక కథ

అప్పుడు నాకు తెలిసింది. పోశం కాక బాయిలో చేసిన పని ఇసుక నింపడం. బొగ్గు తీసేశాక లోపల మిగిలే ఖాళీని అలాగే వదిలితే పైకప్పు కూలుతుంది. అందుకని వెదురు తడికలు, గోనెపట్టాలతో అడ్డం కట్టి, పైనుంచి గొట్టాల్లో నీళ్లతో కలిపిన ఇసుకను ఆ ఖాళీలోకి వదులుతారు. నీళ్లు గోనెపట్టాలోంచి వడిసిపోతాయి, ఇసుక గట్టిగా కూర్చుంటుంది. దాని మీద పైకప్పు నిలబడుతుంది, దాని కింద మనుషులు పని చేస్తారు. ఆ ముఠాకు ఆయన పెద్ద.

కాబట్టి తన కట్ట కింద తూము గొట్టం వేసినప్పుడు ఆయనకు తెలిసిన అన్నిటికన్నా గట్టి పద్ధతిలోనే వేశాడు. గొట్టం చుట్టూ గోదావరి ఇసుక పోసి, బిందెలతో నీళ్లు కొట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా కూర్చోబెట్టాడు. "సుత్తెతోని కొడితె మోగింది" అన్నాడు. చెరువు పని తెలిసిన ఊరివాళ్లెవరూ ఈ తప్పు చెయ్యరు. బాయి పనిలో ఆరితేరినవాడే చెయ్యగలడు.

నాకు ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. అదే ఇసుక, అవే నీళ్లు. అక్కడ పైకప్పును నిలబెట్టేది ఇక్కడ కట్టను ఎందుకు కూలుస్తుంది? నాలుగు నిమిషాలు ఆలోచిస్తే జవాబు దొరికింది. బాయిలో ఇసుకకు నాలుగువైపులా బొగ్గు గోడ, ఎదురుగా గోనెపట్టా. అది పోవడానికి తోవ లేదు. ఇక్కడ గొట్టం వెంబడి బయటికి తోవ ఉంది, ఆపేదేమీ లేదు. ఈ రోజు తేట నీళ్లు వస్తాయి. రేపు ఒక్కో రేణువూ వెంట వస్తుంది. లోపల బుంగ పడుతుంది.

ఈ మాటలు ఆయనకు చెప్పి ఉంటే బాగుండేది. నేను చెప్పలేదు, ఆర్డరేశాను.

నా తెలివి

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. నలుగురు మనుషులను పెట్టించి, ఊట వస్తున్న చోట గొట్టం చుట్టూ మూడడుగులు తవ్వించి, నల్లమట్టి కూరించి దిమ్మెసతో కొట్టించాను. కాక పక్కనే నిలబడి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"నీళ్లను ఆపద్దు బిడ్డా. నీళ్లను పోనియ్యాలె, ఇసుకను ఆపాలె."

"కాకా, మీ బాయి లెక్క వేరు, మట్టి లెక్క వేరు" అన్నాను నేను.

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరె మేడమ్. సదువుకున్నోళ్లు మీరు." అప్పటిదాకా బిడ్డా అన్నవాడు మేడమ్ అన్నాడు. నేను గమనించలేదు. సాయంత్రానికి ఊట ఆగిపోయింది, చేతులు కడుక్కుని వచ్చేశాను. ఆ రాత్రి చాలా బాగా నిద్రపట్టింది, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బల్ల మీద ఐదు సీసాలు

శనివారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి పోశం కాక వరండాలో ఉన్నాడు. లోపలికి వచ్చి సంచిలోంచి క్వార్టర్ సీసాలు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద వరుసగా పెట్టాడు. మా అటెండరు కిసుక్కుమన్నాడు. ఐదు సీసాల్లోనూ నీళ్లే ఉన్నాయి.

"బాయిల మాకు గిదే పని మేడమ్. రోజు షిఫ్టుకు ఒక సీసల వడిసిన నీళ్లు వట్టి గూట్ల పెడ్తం. అడుగున ఎంత కూసుంటదో చూసి, అడ్డం మంచిగున్నదా లేదా చెప్తం."

మొదటి రెండు సీసాలు తేటగా ఉన్నాయి. మూడోదాని అడుగున దుమ్ములాగా ఏదో ఉంది. నాలుగోదాంట్లో గోరంత మందాన మడ్డి. ఐదోదాంట్లో వేలు మందాన ఇసుక, పైన నీళ్లు కూడా టీ రంగు.

"ఊట ఎండిపోయింది కదా కాకా?"

"మీరు మట్టి కొట్టిచ్చిన కాడ ఎండింది. తెల్లారి పక్కకు మూడడుగుల దూరంల లేచింది. ఇప్పుడు భూమిల కెల్లి ఇసుక ఉడుకుతున్నది, పొయ్యి మీద అన్నం ఉడికినట్టు."

నేను ఆపింది నీళ్ల దారిని కాదు, దాని నోటిని మాత్రమే. అది ఇంకో నోరు వెతుక్కుంది, ఈసారి ఇసుకను కూడా వెంటబెట్టుకుని. గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా మర్నాడు ఆదివారం. కాకతోపాటు రిటైరైన షిఫ్టు వాళ్లంతా కుటుంబాలతో అక్కడికి వస్తున్నారు.

సీసాలు తీసుకుని డీఈ గారి గదిలోకి వెళ్లాను. ఆయన విని, "ఎవరిది? ప్రైవేటుదా?" అన్నారు. "కాగితం పెట్టకు. పెడితే అది నీదవుతుంది. వాళ్లను తహసీల్దారు దగ్గరికి వెళ్లమను."

ఆయనను తిట్టుకోవడం తేలిక. నిజం ఏమిటంటే మాకు అక్కడ కాలు పెట్టే అధికారమే లేదు. తహసీల్దారును అడిగితే అది చెరువుల శాఖ పని అంటారు. మేం అది పట్టా భూమి అంటాం. బొగ్గు కంపెనీ వాళ్లు తమ లీజు బయట అంటారు. పెద్ద చెరువుకైతే ఊళ్లో నీరటి ఉంటాడు. రోజూ కట్ట నడుస్తాడు, తూము తిప్పుతాడు. సరదాకు కట్టుకున్న చెరువుకు నీరటి ఉండడు, ఆదివారం చుట్టాలుంటారు. చిన్న కట్టలు పెద్దవాటికన్నా ప్రమాదమని నేను అనేది ఇందుకే. వాటిని చూసేవాళ్లు అందరూ నీళ్లవైపే చూస్తారు.

డీఈ గారు ఐదో సీసాను ఎత్తి, వెలుతురుకు పెట్టి, ఒకసారి ఊపి చూశారు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, "జీపు తీసుకెళ్లు. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు" అన్నారు.

అక్కకు చెప్పిన మాట

మేం చేరేసరికి ఇసుక నిజంగానే ఉడుకుతోంది. పళ్లెమంత గుండ్రంగా, మధ్యలోంచి పైకి పొంగి చుట్టూ గుట్టకడుతోంది. చెయ్యాల్సినవి రెండే పనులు. చెరువు నీళ్లు దించాలి, ఇసుకను నిలపాలి.

కట్టకు ఎడమ చివర గట్టి మొరం ఉంది. అక్కడ కొంచెం కొంచెంగా కోసి నీళ్లు పక్క చెలకలోకి వదలాలని చెప్పాను. నీళ్లు దిగితే పడవ బురదలో కూర్చుంటుందని, రేపటి పండగ పోతుందని కాకకు తెలుసు. అయినా గడ్డపార తీసుకుని మొదటి పోటు ఆయనే వేశాడు. ఆయన పాత ముఠావాళ్లు ఆరుగురు కబురందుకుని వచ్చారు.

ఇసుక పొంగే చోట ఏం చెయ్యాలో ఈసారి నేనే ఆయనను అడిగాను. "మీ బాయిలో అయితే ఏం చేస్తరు కాకా?"

"గోనెపట్టా, దాని మీద దొడ్డిసుక, దాని మీద కంకర, మీద బండలు. నీళ్లు పోతయి, ఇసుక ఆగుతది. అడ్డం కట్టుడే. బాయిల నిలవెడ్తం, ఈడ పండవెడ్తం, గంతే."

ఇది నేను కాలేజీలో చదివిన పాఠమే. పరీక్షలో బొమ్మ గీసి పాసయ్యాను కూడా. బొమ్మ గుర్తున్నంతగా దాని అర్థం గుర్తులేదు. ఆరుగురూ ఆ పనిని ఎంత వేగంగా చేశారంటే, నేను కంకర చాలదేమో అనేలోపు బండలు పేర్చేశారు. మొదట మడ్డిగానే వచ్చిన నీళ్లు మధ్యాహ్నానికి తేరుకోసాగాయి.

మిగిలింది నాలుగిళ్లు. నీళ్లు సగానికి దిగేదాకా అక్కడ ఎవరూ ఉండకూడదు. మూడిళ్లవాళ్లు వెంటనే లేచారు. ఎల్లవ్వ లేవలేదు. కోడళ్లనూ కదలనివ్వలేదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది.

"నా తమ్ముడు కట్టిన కట్ట పిల్లా అది. ముప్పై ఏండ్లు బాయి కప్పు మనుషుల మీద వడకుంట ఆపిండు. గీ గింతన్ని నీళ్లాపడా? పో, మీ సర్కారు కట్టలు చూస్కో పో."

నేను ఇసుక గురించి, బుంగ గురించి ఏదేదో చెప్పాను. ఆమె దారం తెంపి ఇంకో బీడీ కట్టింది. చివరికి పోశం కాక వచ్చాడు. మోకాళ్లదాకా బురద. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, లే."

"ఎందుకురా?"

"నా కట్ట మంచిగ లేదు. తప్పు చేసిన. ఇసుక వొయ్యరాని కాడ వోసిన. నా కట్టను నమ్మి ఈడ కూసోకు. పిల్లలను దీస్కొని లే."

ఎల్లవ్వ తమ్ముడి ముఖంకేసి చూసింది. చాట పక్కన పెట్టి లేచింది. ఏమీ సర్దుకోలేదు, చిన్న పిల్లను చంకనేసుకుని గట్టు ఎక్కింది.

అంతమంది మెచ్చుకున్న పనిని తప్పని ఒప్పుకోవడం, అదీ తనను నమ్మిన అక్క ముందు, మాటలు కాదు. నేనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను. ఆ తప్పులో సగం నాదని చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చెప్పకుండానే పిల్లల వెనక గట్టు ఎక్కాను.

ఆదివారం పొద్దుటికి నీళ్లు సగానికన్నా కిందికి దిగాయి. కట్ట నిలిచింది. వచ్చినవాళ్లకు చెరువు లేదు, బురద ఉంది. పిల్లలు ఆ బురదలోకి దిగి చేతుల్తోనే చేపలు పట్టుకున్నారు. పెద్దవాళ్లు మొదట గొణిగారు. కాక అందరినీ కట్ట వెనకకు తీసుకెళ్లి జరిగింది చూపించి, "మేడమ్ రాకుంటె నా అక్క పానం పోతుండె, మా అందరి పానం పోతుండె" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడి ఆ చప్పట్లు తీసుకున్నాను.

కట్ట విప్పితే

ఎండాకాలంలో కట్టను మధ్యకు కోసి చూశాం. గొట్టం పక్కన చెయ్యి పెడితే భుజందాకా పోయింది, ఎక్కడా ఇసుక తగల్లేదు. చివర నా నల్లమట్టి మాత్రం దిమ్మెస దెబ్బలతో సహా చెక్కు చెదరకుండా ఉంది. నీళ్లు దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగిపోయాయి.

కట్టను మళ్లీ కట్టారు. ఈసారి గొట్టం చుట్టూ బంకమట్టి పొరలు పొరలుగా. ఇసుక దాని చోట, అంటే కట్ట వెనక అడుగున, కంకర కింద. నీటి మట్టం మునుపటికన్నా ఒక మనిషి నిలువు తక్కువ. రోజూ పొద్దున కట్ట వెనక నడిచి, సీసాలో నీళ్లు పట్టి చూసే పని ఎల్లవ్వ తీసుకుంది. తమ్ముడి మీద నమ్మకం పోయి కాదు. "ఇగ నేనే చూస్కుంట" అంది, అంతే. ఆమెకన్నా మంచి నీరటిని నా ఉద్యోగంలో చూడలేదు.

రిటైరైన ఏడాది ఒకసారి అటు వెళ్లాను. కాకకు చూపు తగ్గింది, అయినా నీళ్లకెదురుగా కుర్చీ వేసుకునే కూర్చున్నాడు. ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది ఆ రోజు చెప్పేశాను. ఆదివారం అందరి ముందూ నన్ను పొగిడారు కాకా, కాని ఊటను ఆపించి ప్రమాదం తెచ్చింది నేనే, మీరు వద్దన్నా వినలేదు, ఆ మాట అప్పుడే చెప్పాల్సింది అన్నాను.

ఆయన నవ్వాడు. "నాకెరుకే బిడ్డా. నువ్వు మట్టి కొట్టిచ్చిన నాడే ఎరుక. గందుకే తెల్లారి నుంచి సీసలు వట్టిన."

"మరి ఆఫీసుకొచ్చిన రోజు నన్నెందుకు అనలేదు? తప్పు నీదే అని ఒక్క మాట కూడా అనకపోతిరి."

"అంటె నువ్వు రాకపోదువు" అన్నాడు కాక. "నాకు మాట గాదు గదా గావాల్సింది. నువ్వు రావాలె."

నిజమే. అని ఉంటే, నేను వెళ్లి ఉండేదాన్ని కాదు.